నొప్పి తెలియనివ్వని చెయ్యి

ఆయన పోయారని మొన్న మా ఆఫీసుకి ఫోనొచ్చింది. చేసింది మా పాత బ్లాకులో కింద వాటాలో ఉండే ఆంటీ. పోయారని చెప్పి, కాసేపు ముక్కు చీది, ఆ తర్వాత ఆవిడ అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? ఎంత మంచి చెయ్యే ఆయనది, సూది దిగినట్టే తెలిసేది కాదు, అని.

సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ కందిపప్పు ఏరుతోంది. చేట పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తనూ అదే మాట అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి మంచిదే. నేనెప్పుడు కాదన్నాను? ఢిల్లీ ఆర్.కె. పురంలో మా వరసలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆ చెయ్యి తెలుసు. అందరి జబ్బలకీ తెలుసు, నడుములకీ తెలుసు. చెయ్యి గురించి కాదు నా గొడవ.

నా నోరు మంచిది కాదని మావాళ్ళందరూ అంటారు. అననివ్వండి. ఆయన్ని నేను చూసినట్టు చెబుతాను. మంచి కూడా దాచను. మంచే ఎక్కువ ఉంది, అదే కదా వచ్చిన చిక్కు.

అప్పుడు డెబ్భైల చివర. మాది రెండో అంతస్తులో చిన్న వాటా. ఆయనది రోడ్డుకి అవతల పెద్ద క్వార్టరు. మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు. నాన్న అదే మినిస్ట్రీలో ఇంకో సెక్షన్లో గుమాస్తా. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది. చదువుకునే రోజుల్లో ఆయన ఏదో ఊళ్ళో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా ఉండి సూదులు వెయ్యడం నేర్చుకున్నారట. ఉద్యోగం వచ్చి ఢిల్లీ చేరినా విద్య మరిచిపోలేదు. డిస్పెన్సరీలో డాక్టరు మందు రాసిస్తే అక్కడే క్యూలో నిలబడి వేయించుకోవాలి. రోజూ వేయించుకోవాల్సిన మందైతే రోజూ సగంపూట సెలవు. అంచేత జనం రాసిన మందు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుని ఆయనకి కబురు చేసేవాళ్ళు. ఆయన పొద్దున్నే ఆఫీసుకెళ్ళే ఛార్టర్డ్ బస్సు అందుకునేలోపల ఇల్లిల్లూ తిరిగి వేసేసి వెళ్ళేవారు. పైసా ముట్టుకునేవారు కాదు. కాఫీ ఇస్తే కూడా, వద్దమ్మా, ఇంకా నాలుగిళ్ళు తిరగాలి, అనేవారు.

చలికాలం పొద్దున్న ఆయన రావడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. తలకి మంకీ క్యాపు, మెడకి మఫ్లరు, కోటు మీద శాలువా, వీటన్నిటి మధ్యనుంచి పొడుచుకొచ్చిన ఒక ముక్కు. భుజానికి గుడ్డసంచీ. అందులో ఒక పక్క టిఫిను క్యారియరు, ఇంకో పక్క సొట్టలు పడిన అల్యూమినియం డబ్బా. మెట్లెక్కుతూనే "అచ్ఛా, ఇవాళ ఎవరి వంతు?" అని కేకేసేవారు. లోపలికొచ్చి ముందు రెండు చేతులూ గట్టిగా రుద్దుకునేవారు. చల్లటి చెయ్యి తగిలితే మనిషి బిగుసుకుంటాడు, బిగుసుకుంటే కండ గట్టిపడుతుంది, అప్పుడు దేవుడొచ్చి వేసినా నొప్పే, అనేవారు. అది నిజమే.

తర్వాత డబ్బా తెరిచేవారు. గాజు సిరంజి గుడ్డలో చుట్టి ఉండేది. సూదులు ఒక చిన్న సీసాలో, స్పిరిట్లో మునిగి ఉండేవి. మందు సీసా వెలుతురుకి పెట్టి చూసి, మనిషిని కిందినుంచి పైకి చూసి, అప్పుడు సూది ఏరేవారు. మా అమ్మ బజార్లో బెండకాయలు ఏరినంత శ్రద్ధగా. పెన్సిలిన్ చిక్కటి మందమ్మా, సన్నసూదిలో ఇరుక్కుంటుంది, దానికి లావుదే గతి. బి-కాంప్లెక్సుకి సన్నది చాలు. ఒంటిమీద కండున్నవాళ్ళకి పొడుగుది కావాలి, లేకపోతే మందు కొవ్వులోనే ఆగిపోయి గడ్డ కడుతుంది. బక్కవాళ్ళకి అదే పొడుగు సూది వేస్తే ఎముక్కి తగులుతుంది. ఈ పాఠం ప్రతి ఇంట్లోనూ చెప్పేవారు. ఏరిన సూదిని దూదిమీద అడ్డంగా లాగి చూసేవారు. దూది పోగు పట్టుకుని వచ్చిందా, మొన వంగిందన్నమాట. అప్పుడు సంచీలోంచి పలకరాయి ముక్క తీసి, కూచుని ఓపిగ్గా నూరేవారు. అందుకే ఆయన సూది అంత హాయిగా దిగేది.

పిల్లలకైతే ఏదో ఒక ప్రశ్న వేసేవారు. మీ స్కూలు బస్సు డ్రైవరు పేరేమిటి, నిన్న ఏం కూర తిన్నావు, అలా. పిల్ల ఆలోచించి నోరు తెరిచేలోపల "అయిపోయింది, ఎప్పుడో అయిపోయింది" అనేవారు. ఇదే ఆయన ఊతపదం. పెద్దవాళ్ళకీ అదే. దూది నొక్కిపెట్టి, నవ్వుతూ, ఎప్పుడో అయిపోయింది, అని.

అన్నీ చెప్పాను కదా, ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక ఇంట్లో పని అయ్యాక ఆయన సిరంజిలోకి కాస్త స్పిరిట్ లాగి వదిలేవారు. సూదిని స్పిరిట్ దూదితో తుడిచి మళ్ళీ సీసాలో వేసేవారు. అంతే. తర్వాతి ఇంటికి అదే సిరంజి, ఆ సీసాలో సూదులే.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ నీళ్ళు మరగబెట్టనా అన్నయ్యగారూ అని అడిగింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, ఎందుకమ్మా గ్యాసు దండగ, సిలిండరు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో, స్పిరిట్ ముందు ఏ పురుగూ బతకదు, అన్నారు. ఆ రోజుల్లో గ్యాసు బండ కోసం ఎన్ని వారాలు ఎదురుచూసేవాళ్ళమో అనుభవించినవాళ్ళకి తెలుసు. మా గ్యాసు గురించి కూడా ఆలోచించే మనిషి! అమ్మ ఆవేళంతా ఆయన మంచితనం చెప్పుకుంది. ఆయన వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఇలాగే అనేవారని, ప్రతి ఆడదీ ఇలాగే మురిసిపోయేదని నాకు తర్వాత తెలిసింది.

నాన్నకి నీరసం పట్టుకుంది. పెద్ద జబ్బేం కాదు. ఢిల్లీ చలి పడక, ఓవర్‌టైములు చేసి చేసి, మనిషి వాడిపోయాడు. డిస్పెన్సరీ డాక్టరు బలానికి సూదులు రాశాడు. బయట వేయించుకునేట్టయితే సొంత సిరంజి, సొంత సూది కొనుక్కుని, ఇరవై నిమిషాలు మరిగించి వాడుకోండి అని కూడా చెప్పాడట. నాన్న బుద్ధిగా కెమిస్టు దగ్గరకెళ్ళి రెండూ కొనుక్కొచ్చాడు. సూది చిన్న కాగితం పొట్లంలో ఉంది. లోపల బెజ్జం మూసుకుపోకుండా సన్నటి తీగ దూర్చి ఉంది. అమ్మ రెంటినీ బీరువాలో పట్టుచీరల కింద దాచింది.

మర్నాడు ఆయనొచ్చారు. సంచీ దింపారు, చేతులు రుద్దుకున్నారు, డబ్బా తెరిచారు. అప్పటికి నేను తొమ్మిదో క్లాసు. అమ్మ బీరువా వైపు ఒక అడుగు వేసింది. నాన్న అమ్మకేసి చూసి కళ్ళతో వద్దని సైగ చేశాడు. అమ్మ ఆగిపోయింది. నేను ఊరుకోకుండా, అమ్మా మన సూదో, అని అడగబోయాను. అమ్మ నా జబ్బ పట్టుకుని గిల్లింది, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆయన వెళ్ళాక నేను దెబ్బలాడాను. ఎందుకు తియ్యలేదు మన సూది అని. నాన్న నెమ్మదిగా చెప్పాడు. ఆయన అంత పెద్ద ఆఫీసరై ఉండి మన గడపలోకి వచ్చి, చేతులారా సేవ చేస్తున్నాడు. డబ్బు పుచ్చుకోడు. అలాంటాయన డబ్బా తెరిచాక, మీ సూది వద్దండీ మాకు వేరే ఉందండీ అని ఎలా అంటామే, ఆయన ఏమనుకుంటారు, అన్నాడు. అదీ సంగతి. డబ్బు పుచ్చుకునే కాంపౌండరైతే మా నాన్న మొహమాటం లేకుండా చెప్పేవాడే. పై మెట్టుమీద మనిషి ఊరికే చేసిపెడుతున్నాడు కాబట్టి నోరు పెగల్లేదు. అలా ఆ సూదులన్నీ ఆ డబ్బాలోంచే పడ్డాయి. ఆ కాగితం పొట్లం పట్టుచీరల కిందే ఉంది.

మా కింద వాటా ఆంటీ వాళ్ళు వెనక గది ఒక తెలుగబ్బాయికి అద్దెకిచ్చారు. సివిల్స్‌కి చదువుకునేవాడు. అతనికి ఆ చలికాలంలో కామెర్లొచ్చాయి. రావడానికి ముందు నీరసం, వాంతులు. ఏమిటో తెలియక బలానికి సూదులు వేయించుకున్నాడు, ఈయన చేతే. కళ్ళు పచ్చబడ్డాక ఊరెళ్ళిపోయాడు, నయమైందని ఉత్తరం కూడా వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా వరసలో ఒకరి తర్వాత ఒకరికి మొదలైంది. అందరూ నీళ్ళని తిట్టారు. చెరుకురసం బండివాణ్ణి తిట్టారు. నీళ్ళ వల్ల అయితే ఇంటిల్లిపాదికీ రావాలి కదా, సూదులు వేయించుకున్నవాళ్ళకే ఎందుకొచ్చింది అని ఎవరూ అనుకోలేదు.

ఎండాకాలం మొదట్లో నాన్నకి అన్నం చూస్తే వికారం పుట్టింది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. బంధువులెవరో ఊరినుంచి పసరు పట్టుకొచ్చారు. అదీ తాగించాం. వారాలు గడిచినా తగ్గలేదు సరికదా, కడుపు ఉబ్బింది, మాట తడబడడం మొదలైంది. అప్పుడు ఆయనే ఆఫీసు జీపు సంపాదించి పెద్దాసుపత్రిలో చేర్పించారు. రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కూచునేవారు.

ఒకరోజు వార్డుకి కుర్ర డాక్టరొచ్చాడు. పంజాబీ. నాన్న కళ్ళు, పొట్ట చూసి, కాగితాలు తిరగేసి, ఈ ఆరేడు నెలల్లో సూదులేమైనా వేయించుకున్నారా, బయట, ఇంట్లో, ఎక్కడైనా, అని హిందీలో అడిగాడు. ఆ పూట నాన్నకి తెలివి బాగానే ఉంది. మంచానికి ఒక పక్క అమ్మా, నేనూ. రెండో పక్క స్టూలు మీద ఆయన. చేతిలో సంత్రా పండు ఒలుస్తున్నారు. ఒక్కొక్క తొనకీ ఉన్న తెల్లటి పీచు కూడా తీసి, శుభ్రంగా కాగితం మీద పేరుస్తున్నారు.

నాన్న ఆయనకేసి చూశాడు. ఆయన పండులోంచి తల ఎత్తలేదు.

"నహీ డాక్టర్ సాబ్" అన్నాడు నాన్న.

డాక్టరు ఇంకోసారి అడిగాడు. బాగా గుర్తుతెచ్చుకోండి, ఇలాంటి కామెర్లు నీళ్ళవల్ల రావు, సరిగ్గా ఉడకబెట్టని సూదులవల్లే వస్తాయి, అన్నాడు. నాన్న మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. నేను ఆగలేకపోయాను. వేయించుకున్నారు, ఇంట్లోనే, అని హిందీలో గట్టిగా చెప్పాను. ఎవరు వేశారని డాక్టరు నావైపు తిరిగాడు. అమ్మ నన్ను వెనక్కి లాగి, చిన్నపిల్ల, దానికేం తెలీదు, భయపడిపోయి ఏదేదో వాగుతోంది, అంది. అమ్మకి హిందీ సరిగ్గా రాదు. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం ఒక్క తప్పు లేకుండా వచ్చింది. డాక్టరు కాసేపు మా అందరి మొహాలూ చూసి, ఏదో రాసుకుని, పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

ఆయన తొనలు పేర్చిన కాగితం దగ్గరికి లాక్కున్నారు. సంత్రా తొన ఒకటి తీసి నాన్న నోటికి అందించారు. నాన్న తిన్నాడు. 

తర్వాత నాన్న ఎక్కువ రోజులు లేడు. మమ్మల్ని వార్డు బయట కూచోబెట్టారు. ఆయన లోపల ఉన్నారు. తలుపు తోసుకుని బయటికొచ్చి, అమ్మ ఎదురుగా నిలబడి, "అయిపోయిందమ్మా" అన్నారు. ఆయనకి ఇంకో మాట రాదు కాబోలు.

ఆ తర్వాత ఆయన చేసింది చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు. శ్మశానం ఏర్పాట్లు ఆయనే చేశారు. ఊరినుంచి వచ్చిన చుట్టాలకి ఆయన ఇంట్లోనే పడకలు, భోజనాలు. నాన్న ఉద్యోగం అమ్మకి ఇప్పించడానికి ఆ మినిస్ట్రీలో ఆయన ఎక్కని మెట్టు లేదు, పట్టుకోని గెడ్డం లేదు. అమ్మ పదో తరగతి దాకా చదివింది కాబట్టి సాధ్యమవుతుందని మొదట అన్నదీ ఆయనే. అమ్మకి ఉద్యోగం వచ్చింది. క్వార్టరు నిలబడింది. నేను చదువుకున్నాను. మా ఇంట్లో అన్నం ఉడికిందంటే అది ఆయన తిరిగిన తిరుగుడు వల్లే. నాకు తెలుసు. ఇదంతా తెలిసి ఒక మనిషిని తిట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలియాలంటే మీకూ ఇలాంటి మనిషొకడు తగలాలి. తగలకూడదనే కోరుకుంటాను.

అమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం లేదన్నారు, సూదులు రాశారు. అమ్మ చీటీ, మందు సీసాలు నాకిచ్చి, వెళ్ళి అన్నయ్యగారితో చెప్పిరావే, అంది. నా చెవులు నేనే నమ్మలేకపోయాను. ఇంకా ఆయనేనా అన్నాను. మరింకెవరున్నారే మనకి, అంది.  నిజంగానే ఎవరూ లేరు.

వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది వాళ్ళావిడ. ఆవిడకి షుగరు. రోజూ ఇన్సులిన్ పడాలి. వంటింట్లోకి రమ్మంది. స్టవ్వు మీద స్టీలు డబ్బా, అందులో నీళ్ళు తెర్లుతున్నాయి. లోపల ఒక చిన్న సిరంజి, మామూలు సిరంజి, సూదులు కదులుతున్నాయి. ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, గోడమీద గడియారం చూస్తూ నిలబడ్డారు. నన్ను చూసి కూచోమని సైగ చేశారు. టైమయ్యాక స్టవ్వు ఆర్పి, నీళ్ళు వంచేసి, చిమటాతో, అదే పట్టకారుతో, సిరంజి తీసి, చిమటాతోనే సూది తగిలించారు. వేలు సూదికి తగలనివ్వలేదు. ఇన్సులిన్‌కి పొట్టిది, వెంట్రుకలా సన్నటిది ఏరుకున్నారు. ఆవిడ చెయ్యి చాపింది. అయిపోయింది, ఎప్పుడో అయిపోయింది, అన్నారు.

తలుపు వెనక మేకుకి గుడ్డసంచీ వేలాడుతోంది. అందులోంచి సొట్టల అల్యూమినియం డబ్బా మూల కనిపిస్తోంది. నేను దాన్నీ, దీన్నీ మార్చి మార్చి చూస్తూంటే ఆవిడ నవ్వింది. మా ఇంటి డబ్బా వేరేనమ్మా, బయటిది వంటింట్లోకి రానివ్వరు, మా పిల్ల ఒంటిమీదా నా ఒంటిమీదా ఇది తప్ప ఇంకోటి వాడరు, సూదుల దగ్గర ఆయనకి మడి, అంది. ఎంతో గర్వంగా చెప్పింది. పాపం ఆవిడకేం తెలుసు. ఇంట్లో ఇంత పట్టింపుగా ఉండే మనిషి బయట అంతకంటే పట్టింపుగా ఉంటాడనే కదా ఏ పెళ్ళామైనా అనుకుంటుంది.

 అప్పటిదాకా ఒక మూల అనుకుంటూ వచ్చాను, పాతకాలం మనిషి, తెలియదు కాబోలు, స్పిరిట్ సరిపోతుందని నిజంగా నమ్మాడు కాబోలు, అని. తెలుసు. ఆయనకి అన్నీ తెలుసు. ఇరవై నిమిషాలూ తెలుసు, చిమటా తెలుసు.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమ్మా అమ్మకెలా ఉంది, అన్నారు. చీటీ ఇచ్చాను. చదివి, అలవాటుగా మేకువైపు చెయ్యి చాపారు.

"ఆ సంచీ వద్దంకుల్. ఈ డబ్బా తీసుకురండి" అన్నాను.

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆవిడకి అర్థం కాలేదు. ఏదో పిల్ల ముచ్చటపడి అడిగిందనుకుని, తీసుకెళ్ళండి, ఇవాళ్టికి మనింట్లో అయిపోయిందిగా, అంది. ఆయన స్టీలు డబ్బా తుడిచి గుడ్డలో చుట్టుకున్నారు. నా వెనకే రోడ్డు దాటారు. మా మెట్లు ఎక్కేటప్పుడు ఆయన కేక వెయ్యలేదు.

మా వంటింట్లో స్టవ్వు వెలిగించి డబ్బా పెట్టింది నేనే. అమ్మ మంచం మీంచి, ఎందుకే గ్యాసు, అంటూనే ఉంది. నీళ్ళు తెర్లుతున్నాయి. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను గడియారం చూస్తున్నాను. 

"ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. "ఒక్కళ్ళు అడిగినా మరిగించేవాణ్ణి. అన్ని ఇళ్ళలో, ఆ బస్సు టైములోపల... ఎవరూ అడగలేదు."

"అడగాలా అంకుల్?" అన్నాను.

 అక్కడితో ఆపి ఉండాల్సింది, ఆపలేదు. బీరువా తీసి, పట్టుచీరల కింద చెయ్యి పెట్టి, కాగితం పొట్లం తెచ్చి ఆయన ఎదురుగా గట్టుమీద పెట్టాను. నాన్న కొన్నాడు, మీరేమనుకుంటారోనని బయటికి తియ్యలేదు, అని చెప్పాను. ఆయన ఆ పొట్లంకేసి చాలాసేపు చూశారు. ముట్టుకోలేదు. ఆయన ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అమ్మకి సూది వేశారు. ఎప్పటిలాగే నొప్పి తెలియలేదంది అమ్మ. వెళ్ళేటప్పుడు ఆయన స్టీలు డబ్బా మళ్ళీ చుట్టుకోలేదు. స్టవ్వు పక్కనే వదిలేసి, ఇది మీ ఇంట్లో ఉండనీ అమ్మా, మాకు ఇంకోటి కొనుక్కుంటాను, అన్నారు. తప్పు ఒప్పుకోవడం అంటే ఆయన వరకూ అదే. నేను దాన్ని అలాగే తీసుకున్నాను. ఇంక బయటి డబ్బా మూలపడేస్తారని కూడా అనుకున్నాను. నా పిచ్చి.

మర్నాడు పొద్దున్న స్కూలు బస్సు కోసం నిలబడ్డాను. ఆయన ఎదురు బ్లాకు మెట్లు ఎక్కుతున్నారు. భుజాన గుడ్డసంచీ, అందులో సొట్టల డబ్బా మూల. అచ్ఛా, ఇవాళ ఎవరి వంతు, అన్న కేక రోడ్డుమీదికి వినబడింది. ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు మరి.

నేను ఊరుకోలేదు. దొరికిన ప్రతి ఆంటీకీ చెప్పాను. ఆయనకి ఇంట్లో వేరే డబ్బా ఉంది, మీ ఇంటికి వచ్చేది ఉడకదు, అడిగి ఉడకబెట్టించుకోండి, అని. కొందరు నవ్వేశారు. తండ్రి పోయిన దుఃఖంలో ఏదో అంటోందిలే అన్నారు. ఒకావిడైతే, మీ అమ్మకి ఉద్యోగం ఇప్పించిన మనిషిని అంత మాట ఎలా అంటావే, విశ్వాసం ఉండక్కర్లేదా, అని మొహం మీదే అడిగింది. అమ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. ఆయన మాత్రం నన్ను పల్లెత్తు మాట అనలేదు. కనబడితే బాగా చదువుతున్నావా బేటా అని అడిగేవారు. నేను తల వంచుకుని వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు వాడి పారేసే సిరంజీలు వచ్చాయి. పేపర్లలో కొత్త రోగం ఒకటి వచ్చిందని, సూదులతో జాగ్రత్త అని రాస్తున్నారు. కెమిస్టు దగ్గర చిన్నపిల్లాడు కూడా కొత్త సూదే అడుగుతున్నాడు. అడగడం నేర్చుకోవడానికి మనకి ఇన్నాళ్ళు పట్టింది. ఆయనది ఆ డబ్బాతో ఎవరికైనా నష్టం చేద్దామన్న ఉద్దేశం కాదు. నేనంత మూర్ఖురాలిని కాదు. ఆయన మనుషుల్ని రెండు రకాలుగా చూశాడు, అంతే. మరిగించాల్సినవాళ్ళు, తుడిస్తే చాలినవాళ్ళు. రెండో రకంవాళ్ళకి ఎంత సేవైనా చేస్తాడు, ప్రాణం పెడతాడు, ఇరవై నిమిషాలు మాత్రం పెట్టడు.

నిన్న ఆదివారం ఆయన కూతురు మా ఇంటికొచ్చింది. నాకంటే రెండేళ్ళు చిన్నది. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు కాస్త తడుముకుంటుంది. అమ్మని పట్టుకుని ఏడ్చింది. తర్వాత, వచ్చే ఆదివారం కమ్యూనిటీ సెంటర్లో సంతాప సభ పెడుతున్నారనీ, వాళ్ళ పాపా ఫోటో పక్కన ఆయన సూదుల డబ్బా పెడదామనుకుంటున్నామనీ, అది మీ దగ్గరే ఉందని మమ్మీ చెప్పిందనీ అంది. నేను లోపలికెళ్ళి స్టీలు డబ్బా తెచ్చి చేతికిచ్చాను. ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూత నిమిరింది.

"పాపా ఎంత జాగ్రత్త మనిషి దీదీ. ఇరవై నిమిషాలు మరిగితే గాని సూది ముట్టేవారు కాదు, పతా హై?"

"అవును. మీ ఇంట్లో" అన్నాను.

ఆ పిల్లకి వినబడలేదో, వినబడినా అర్థం కాలేదో. కళ్ళు తుడుచుకుని, సభలో అందరూ మాట్లాడుతున్నారు, మీ ఫ్యామిలీకి పాపా అంత క్లోజు కదా, నువ్వు కూడా వచ్చి పాపా గురించి నాలుగు మాటలు చెబుతావా దీదీ, అని అడిగింది.

ఆ పిల్ల వెనక నిలబడి అమ్మ నాకేసి చూసింది. కళ్ళతో వద్దని సైగ చేసింది. బీరువా దగ్గర ఆవేళ నాన్న చేసిన సైగే అది, తేడా ఏమీ లేదు.

"అడిగావు కదా," అన్నాను, "చెబుతాను."